గీత దాటిన బంతి ఎవరిది? కొత్త బాస్కెట్‌బాల్ రిఫరీకి ఔట్, త్రో-ఇన్ నిబంధనలు

రిఫరీ మీద కేకలు పడేది ఫౌల్ విజిల్ దగ్గరే అనుకుంటాం. ఏదైనా కాలేజీ టోర్నమెంటుకు వెళ్లి చూడండి. బంతి గీత దాటిందంటే చాలు, పదిమంది ఆటగాళ్లూ చేతులెత్తి బంతి తమదేనని చూపిస్తారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరికి కనిపించింది వాళ్లు చూపిస్తున్నారు. రిఫరీకి మాత్రం ఒక వరుస ఉండాలి. ముందు కాలు ఎక్కడుందో చూడాలి. తర్వాత బంతి దేనికి తగిలిందో, చివరగా తాకింది ఎవరో చూడాలి. బంతి ఎటు ఇవ్వాలన్నది ఇవన్నీ తేలాకే. నేను చూసిన తప్పుడు విజిల్స్‌లో చాలావరకు ఈ వరుస తలకిందులై వచ్చినవే. చెయ్యి ముందు లేస్తుంది, ఆలోచన వెనక నడుస్తుంది.

ఇక్కడ రాసేదంతా అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల ప్రకారం. మన దేశంలో ఫెడరేషన్ పోటీలు నడిచేది వాటితోనే. టీవీలో అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూసి నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెల్లవు.

ఆటకు ముందే గీతల వెంట ఒక నడక

కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. గీతల మందం 5 సెంటీమీటర్లు. పొడవు వెంట ఉన్న సైడ్‌లైన్లు, బుట్టల వెనక ఉన్న ఎండ్‌లైన్లు కోర్టులో భాగం కావు. అంటే గీత తొక్కితే ఔట్. మన బడుల్లో ఒకే పీఈటీ సారు పొద్దున వాలీబాల్‌కీ సాయంత్రం బాస్కెట్‌బాల్‌కీ విజిల్ పట్టుకుంటారు. వాలీబాల్‌లో గీత మీద పడిన బంతి లోపలిది, ఇక్కడ బయటిది. రెండూ కలిసిపోకుండా కోర్టులో అడుగుపెట్టేటప్పుడే మనసులో ఒకసారి అనుకోవడం మంచిది.

తోటి రిఫరీతో కలిసి నాలుగు గీతల వెంటా నడవండి. గీత బయట 2 మీటర్లు ఖాళీగా ఉందా? కాంపౌండు గోడ, డ్రైనేజీ కాలువ, ప్రేక్షకుల కుర్చీలు గీత మీదికి వచ్చేసిన చోట్లు గుర్తుపెట్టుకోండి. త్రో-ఇన్ అప్పుడు, అంటే గీత బయటి నుంచి బంతిని లోపలికి విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, వాటితో పని పడుతుంది. స్కోరు, గడియారం చూసేవాళ్లు కూర్చునే టేబుల్‌కు ఎదురు వైపు సైడ్‌లైన్ బయట, ఎండ్‌లైన్ లోపలి అంచు నుంచి 8.325 మీటర్ల దూరంలో, రెండు వైపులా చిన్న త్రో-ఇన్ గీతలు ఉండాలి. బడి కోర్టుల్లో అవి తరచుగా ఉండవు. సుద్దముక్కతో గీసుకోండి. చివరి రెండు నిమిషాల్లో వాటికోసం వెతుక్కుంటూ కూర్చోకూడదు.

మొదటి మెట్టు: కాలు ఎక్కడుంది?

ఆటగాడు ఎక్కడున్నాడన్నది అతను తాకుతున్న నేలను బట్టి తేలుతుంది. గాల్లో ఉన్నప్పుడు, చివరగా నేల ఎక్కడ తాకాడో అక్కడే ఉన్నట్టు లెక్క. ఈ ఒక్క సూత్రం సగం తగాదాలు తీరుస్తుంది.

లోపల నుంచి ఎగిరిన ఆటగాడు సైడ్‌లైన్ అవతల గాల్లో బంతిని అందుకుని, కాలు కింద పడకముందే లోపలికి విసిరాడు. ఆట సాగుతుంది. బంతి గీత అవతల గాల్లో ఎంత దూరం పోయినా, దేనికీ తగలనంతవరకు ఔట్ కాదు. అదే ఆటగాడు బయటి నుంచి ఎగిరి, కోర్టు మీదుగా గాల్లో ఉండి బంతిని తాకితే, తాకిన క్షణమే ఔట్. అతని లెక్క ఇంకా బయటే ఉంది.

బంతిని కాపాడే ఊపులో బయట పడి, మళ్లీ లోపలికి వచ్చిన ఆటగాడు ముందుగా బంతిని తాకవచ్చా? ఫీబాలో తాకవచ్చు. బయటి నేలతో సంబంధం తెగి, లోపల కాలు మోపితే చాలు. రెండు కాళ్లూ మోపాలన్న షరతు లేదు. ఒక కాలు లోపల, రెండోది గాల్లో ఉన్నా లోపలే.

ఇంకొకటి, కొత్తవాళ్లు తరచుగా తప్పు విజిల్ వేసేది. ఎరుపు ఆటగాడి చేతిలో బంతి ఉంది. అతన్ని అడ్డుకుంటున్న నీలం ఆటగాడి కాలు గీత మీద ఉంది. ఎరుపు భుజం నీలానికి తగిలింది. ఇది ఔట్ కాదు. బయటి నేలనో వస్తువునో తాకితేనే ఆటగాడు ఔట్, సాటి ఆటగాణ్ణి తాకితే కాదు. కానీ గీత మీద కాలున్న ఆ నీలం ఆటగాడు చెయ్యి చాపి బంతినే తాకితే, ఔట్ చేసింది అతనే. బంతి ఎరుపుది.

రెండో మెట్టు: బంతి దేనికి తగిలింది?

బయట ఉన్న మనిషికి, గీతకు, గీత బయటి నేలకు లేదా వస్తువుకు, బోర్డును మోసే స్తంభానికి, బోర్డు వెనక భాగానికి, కోర్టు పైనున్న ఏ వస్తువుకు తగిలినా ఔట్. బోర్డు ముందు భాగం, అంచులు ఆటలో భాగమే. మన ఆరుబయట కోర్టుల మీదికి వంగిన వేపకొమ్మ, అడ్డంగా లాగిన కరెంటు తీగ కూడా "కోర్టు పైనున్న వస్తువు" కిందికే వస్తాయి. ఆట మొదలవకముందే ఇద్దరు కోచ్‌లకూ ఆ మాట చెప్పేయండి.

బెంచి మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ మోకాలికి బంతి తగిలి మళ్లీ కోర్టులోకి వచ్చినా ఔటే. అతను బయట ఉన్న మనిషి కదా. ఔట్ చేసింది మాత్రం అతను కాదు, అంతకుముందు చివరగా బంతిని తాకిన ఆటగాడు.

మరి బంతి మీకే తగిలితే? మీరు నిలబడిన చోట నేలకు తగిలినట్టే. లోపల ఉంటే ఆట నడుస్తుంది, గీత మీద నిలబడితే ఔట్. అందుకే గీత మీద తచ్చాడకండి.

మూడో మెట్టు: చివరగా తాకింది ఎవరు?

ఇక్కడ తొందర వద్దు. నియమం మాటల్లో సులువే. ఔట్ అయ్యేముందు బంతిని చివరగా తాకిన ఆటగాడు, లేదా బంతి చివరగా తగిలిన ఆటగాడు ఔట్ చేసినట్టు. "తగిలిన" అన్న మాట మీదే తకరారంతా. నీలం ఆటగాడు ఎరుపు చేతిలోని బంతిని గట్టిగా కొట్టాడు. బంతి ఎరుపు మోకాలికి తగిలి బయటికి పోయింది. కొట్టింది నీలమే, గ్యాలరీ మొత్తం నీలాన్నే చూపిస్తుంది. బంతి మాత్రం నీలానిదే, ఎందుకంటే చివరి స్పర్శ ఎరుపు మోకాలిది. ఎవరి తప్పు, ఎవరి బలం అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

దీన్నే తెలివైన ఆటగాళ్లు వాడుకుంటారు. గీత అవతలికి గాల్లో జారిపోతూ, లోపల ఉన్న ఎదురు ఆటగాడి కాలికి బంతిని కొట్టి ఔట్ చేయిస్తారు. అది ఆటే, తప్పేమీ కాదు. బంతి కొట్టినవాడి జట్టుదే.

ఇద్దరూ బంతిని గట్టిగా పట్టుకుని లాక్కుంటూ గీత దాటితే ఎవరి కాలు ముందు దాటిందో చూడనక్కర్లేదు. అది జంప్‌బాల్ పరిస్థితి, అంటే బంతి ఎవరిదో తేలని పరిస్థితి. తర్వాతి వంతు ఏ జట్టుదో చూపే బాణం టేబుల్ మీద ఉంటుంది, అది ఎటు ఉంటే అటు బంతి.

అదే బాణం సందేహానికీ పనికొస్తుంది. చివరగా తాకింది ఎవరో మీకు తెలియలేదు, తోటి రిఫరీకీ తెలియలేదు, లేదా ఇద్దరూ చెరో వైపు చూపించారు. రెండు బొటనవేళ్లూ పైకెత్తి జంప్‌బాల్ సంకేతం ఇచ్చి, బాణం వైపు చూపండి. ఊహించి చెప్పిన ఔట్ కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, నిబంధన కూడా ఇదే చెబుతోంది. కానీ అలవాటు చేసుకోకండి. ప్రతి రెండో ఔట్‌కూ బొటనవేళ్లు లేపే రిఫరీని ఆటగాళ్లు ఇట్టే కనిపెడతారు.

ఇద్దరు రిఫరీల పద్ధతిలో ముందున్న లీడ్ ఎండ్‌లైన్‌నూ, తనకు దగ్గరి సైడ్‌లైన్‌నూ చూస్తాడు. వెనకున్న ట్రెయిల్ తన సైడ్‌లైన్‌నూ, సెంటర్ లైన్‌నూ చూస్తాడు. తోటివాడి గీత మీద మీరు విజిల్ వేయకండి. అతని చూపుకు అడ్డం పడిందనిపిస్తే అతనే మీ వైపు చూడాలి. మీరు కళ్లతోనో ఒక చిన్న మాటతోనో సమాచారం ఇవ్వాలి. నిర్ణయం మార్చుకునేది అతనే.

నాలుగో మెట్టు: విజిల్, చెయ్యి, నోరు

విజిల్ వేస్తూనే తెరిచిన అరచేతిని పైకెత్తండి. గడియారం ఆపమని టేబుల్‌కు అదే గుర్తు. ఆ చెయ్యి పైన ఉన్న అర క్షణమే మీ ఆలోచనకు సమయం. తర్వాతే సైడ్‌లైన్‌కు సమాంతరంగా చెయ్యి చాపి ఆట సాగే దిక్కు చూపండి. నోటితో రంగు చెప్పండి, "ఎరుపు!" అని. ఆ తర్వాత త్రో-ఇన్ చోటును వేలితో చూపండి. చేయి ఒక వైపు, నోరు ఒక వైపు వెళ్లిన రోజున టేబుల్ వాళ్లు ఏది రాసుకోవాలో తెలియక అల్లాడతారు.

ఐదో మెట్టు: చోటు

బంతి ఔట్ అయిన చోటుకు దగ్గరగా త్రో-ఇన్. బోర్డుకు సరిగ్గా వెనక మాత్రం కాదు, అక్కడైతే కాస్త పక్కకు జరపాలి. మొదటిది తప్ప మిగతా క్వార్టర్లన్నీ టేబుల్‌కు ఎదురుగా సెంటర్ లైన్ దగ్గరి త్రో-ఇన్‌తో మొదలవుతాయి. విసిరే ఆటగాడు గీతకు చెరో వైపున ఒక్కో కాలు పెట్టి నిలబడతాడు, కోర్టులో ఎక్కడికైనా పాస్ ఇవ్వవచ్చు.

ఆ స్వేచ్ఛ మిగతా చోట్ల లేదు. ఫ్రంట్ కోర్ట్ (తాము దాడి చేసే సగం) నుంచి త్రో-ఇన్ అయితే, బ్యాక్ కోర్ట్‌లో (తాము కాపాడుకునే సగంలో) ఉన్న తోటి ఆటగాడికి పాస్ ఇవ్వకూడదు. బంతిని వెనక్కి పంపినట్టే, వయొలేషన్ (ఫౌల్ కాని నిబంధన ఉల్లంఘన). ఎన్‌బీఏ చివరి నిమిషాలు చూసి పెరిగిన కుర్రాళ్లు దీని మీద గట్టిగా వాదిస్తారు.

ఆరో మెట్టు: బంతి అందించడం

ఔట్ అయిన ప్రతిసారీ బంతిని రిఫరీ అందించాలి. చేతికివ్వవచ్చు, అతనికి అందుబాటులో పెట్టవచ్చు, విసరవచ్చు, నేలకు కొట్టి ఇవ్వవచ్చు. విసిరినా, కొట్టి ఇచ్చినా మీకూ అతనికీ మధ్య 4 మీటర్లకు మించి ఉండకూడదు. అతను మీరు చూపిన చోటే ఉండాలి.

ఇవ్వబోయే ముందు ఒక్క క్షణం చుట్టూ చూడండి. తోటి రిఫరీ తన చోటికి చేరాడా, టేబుల్ దగ్గర సబ్‌స్టిట్యూట్ లేచి నిలబడ్డాడా, కోచ్ టైమౌట్ అడిగాడా. బంతి విసిరే ఆటగాడికి అందిందంటే మార్పులకు, టైమౌట్లకు తలుపు మూసుకుంటుంది. నిలబడేటప్పుడు విసిరేవాడూ, అతని ఎదురుగా ఉన్న డిఫెండరూ, దగ్గరలో తోసుకుంటున్న జంటా ఒకే చూపులో పడేలా పక్కకు తప్పుకోండి. బంతినే చూస్తూ నిలబడితే బుట్ట ముందున్న పెయింట్‌లో పడే మోచేతులు మీకు కనిపించవు.

ఏడో మెట్టు: విసిరేవాడి మీద ఆంక్షలు

ఐదు సెకన్లు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన పదమూడు నియమాల్లోనే ఇది ఉంది. అప్పట్లో బయటికి పోయిన బంతిని ముందుగా ఎవరు అందుకుంటే వాళ్లదే, కాబట్టి గీత బయట పరుగులూ తొక్కిసలాటలూ ఉండేవి. ఆ పద్ధతి పోయింది, ఐదు సెకన్లు మిగిలాయి. బంతి అతనికి అందుబాటులోకి వచ్చిన క్షణం నుంచి చెయ్యి ఊపుతూ అందరికీ కనిపించేలా లెక్కపెట్టండి. ఐదు లోపు బంతి చేతిని వదిలితే చాలు, ఎవరికైనా చేరాలని లేదు.

అతను చూపిన చోటు నుంచి గీత వెంట పక్కకు మొత్తం 1 మీటర్ మించి కదలకూడదు. మొత్తం అంటే అటు అర మీటరూ ఇటు అర మీటరూ కలిపి. వెనక్కి మాత్రం చోటు ఉన్నంతవరకు వెళ్లవచ్చు. బంతి చేతిలో ఉండగా కోర్టులో కాలు పెట్టకూడదు. గీత తొక్కితే? తప్పు కాదు, గీత బయటిదే కదా. ఈ ఒక్కదానికీ అనవసరంగా విజిల్ వేసేవాళ్లు చాలామంది.

విసిరిన బంతి ఎవరికీ తగలకుండా కోర్టంతా దాటి అవతలి గీత బయట పడిందనుకోండి. బంతి ఎదురు జట్టుది, కానీ ఎక్కడి నుంచి? అది పడిన చోటు నుంచి కాదు, మొదట విసిరిన చోటు నుంచే. త్రో-ఇన్ వయొలేషన్‌కు శిక్ష ఎప్పుడూ అసలు చోటు దగ్గరే.

విసిరిన బంతి నేరుగా బుట్టలో పడితే పాయింట్లు లేవు, బంతి ఎదురు జట్టుది. విసిరినవాడు తానే లోపలికి వచ్చి, మరెవరికీ తగలని బంతిని తాకకూడదు. అయితే డిఫెండర్ వీపు తిప్పి నిలబడితే, అతని వీపుకు మెల్లగా కొట్టి, లోపలికి అడుగేసి బంతి అందుకోవడం చట్టబద్ధమే. బంతి వేరే ఆటగాడికి తగిలింది, తానూ లోపలికి వచ్చాడు. లోపలికి రాకముందే అందుకుంటే మాత్రం ఔట్. పాస్ అందుకున్న తోటి ఆటగాడు తిరిగి బంతి ఇచ్చేసరికి, విసిరినవాడి కాలు ఇంకా బయటే ఉంటే అదీ అంతే.

బుట్ట పడ్డాక సంగతి వేరు. పాయింట్లు ఇచ్చుకున్న జట్టు ఎండ్‌లైన్ వెనక ఎక్కడి నుంచైనా విసరవచ్చు, గీత వెంట పరుగెత్తవచ్చు, బయటే ఉన్న తోటి ఆటగాడికి బంతి ఇవ్వవచ్చు. ఐదు సెకన్లు మాత్రం బయట మొదట అందుకున్నవాడి చేతిలోకి బంతి వచ్చినప్పటి నుంచే. మధ్యలో టైమౌట్ వచ్చి, తర్వాత మీరే బంతి అందించినా ఆ స్వేచ్ఛ పోదు. "చోటు కాదు, గీత మొత్తం నీదే" అని అతనికి చెప్పి ఇవ్వండి, ఎదుటివాళ్లకూ వినిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: డిఫెండర్

బంతి గీత దాటి లోపలికి వచ్చేదాకా అతని శరీరంలో ఏ భాగమూ గీత మీదుగా బయటికి రాకూడదు. గీత బయట 2 మీటర్ల ఖాళీ లేని చోట, విసిరేవాడికి 1 మీటర్ దూరం ఇవ్వాలి. పొద్దున మీరు గుర్తుపెట్టుకున్న గోడ ఇక్కడ పనికొస్తుంది. "ఒక అడుగు వెనక్కి" అని ముందే చెప్పి, అప్పుడు బంతి అందించండి.

విసిరే ఊపులో బంతితో సహా విసిరేవాడి చేతులు కోర్టు మీదికి వచ్చాయి. డిఫెండర్ ఆ బంతిని లాక్కున్నాడు. "బంతి లోపలే ఉంది కదా సార్!" అంటాడు. చెల్లదు. బంతి ఇంకా విసిరేవాడి చేతిలోనే ఉంది. చేతిలో ఉన్నంతవరకు దాన్ని ముట్టుకోకుండా ఉండే బాధ్యత డిఫెండర్‌దే. మామూలు సమయంలో ఇది ఆట ఆలస్యం చేసినట్టు. అతన్ని హెచ్చరించి, కోచ్‌కూ చెప్పండి. ఆ హెచ్చరిక ఆట ముగిసేదాకా జట్టు మొత్తానికి. మళ్లీ ఎవరు చేసినా టెక్నికల్ ఫౌల్ (ఒంటికి తగలడంతో సంబంధం లేని, ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్) ఇవ్వవచ్చు.

గడియారాలు

బంతి చేతిని వదిలినప్పుడు కాదు, కోర్టులోని ఆటగాడిని తాకినప్పుడు గేమ్ క్లాక్, షాట్ క్లాక్ (బంతి ఉన్న జట్టు షాట్ వేయాల్సిన 24 సెకన్ల గడియారం) రెండూ మొదలవుతాయి. అప్పటిదాకా చెయ్యి పైకెత్తి ఉంచి, తాకగానే కిందికి నరకండి.

బంతి ఎదురు జట్టు వల్ల ఔట్ అయి, అదివరకు ఆడుతున్న జట్టుకే వస్తే షాట్ క్లాక్ ఆగిన చోటు నుంచే సాగుతుంది. బ్యాక్ కోర్ట్ నుంచి బంతిని ముందుకు దాటించాల్సిన 8 సెకన్ల లెక్క కూడా మిగిలినదే. డిఫెండర్ కావాలని కాలితో తన్నితే అది ఔట్ కాదు, వయొలేషన్. అప్పుడు బ్యాక్ కోర్ట్ త్రో-ఇన్ అయితే 24. ఫ్రంట్ కోర్ట్‌లో 14 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అలాగే వదిలేయాలి, 13 లేదా తక్కువ ఉంటే 14కు పెంచాలి. బంతి చేతులు మారితే, కొత్త జట్టు బ్యాక్ కోర్ట్‌లో 24, ఫ్రంట్ కోర్ట్‌లో 14.

బాణంతో వచ్చిన త్రో-ఇన్ అయితే, బంతి కోర్టులో ఎవరినైనా తాకాకే బాణం తిరగాలి. విసిరే జట్టు వయొలేషన్ చేస్తే బాణాన్నీ పోగొట్టుకుంటుంది. ఆ లోపు ఫౌల్ జరిగితే మాత్రం బాణం అలాగే ఉంటుంది. పొరపాటున తప్పు జట్టుకు ఇచ్చి, బంతి లోపల ఆటగాడిని తాకేశాక తెలిస్తే వెనక్కి తీసుకోలేరు. నష్టపోయిన జట్టుకు తర్వాతి అవకాశం నిలిచి ఉంటుంది.

చివరి రెండు నిమిషాలు

నాలుగో క్వార్టర్‌లో, ప్రతి ఓవర్‌టైమ్‌లో గేమ్ క్లాక్ 2:00 లేదా తక్కువ చూపిస్తున్నప్పుడు నియమాలు బిగుస్తాయి. బంతి అందించే ముందు చేతిని గీత వెంట ఊపుతూ, గీత దాటొద్దని డిఫెండర్‌కు సంకేతం ఇవ్వాలి. అదే హెచ్చరిక. ఆ తర్వాత కూడా త్రో-ఇన్‌కు అడ్డుపడుతూ చెయ్యి గీత దాటిస్తే, లేదా 1 మీటర్ ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోతే నేరుగా టెక్నికల్ ఫౌల్. ఒక ఫ్రీ త్రో, తర్వాత మళ్లీ అదే జట్టుకు త్రో-ఇన్. మీరు సంకేతం ఇవ్వడం మరచిపోయి టెక్నికల్ ఇచ్చారో, కోచ్ వదలడు.

ఈ సమయంలోనే బంతి ఇంకా రిఫరీ చేతిలోనో విసిరేవాడి దగ్గరో ఉండగా డిఫెండర్ కోర్టులో వ్యక్తిగత ఫౌల్ చేస్తే అది త్రో-ఇన్ ఫౌల్. జట్టు ఫౌల్స్ ఎన్ని ఉన్నా సరే, ఫౌల్‌కు గురైన ఆటగాడికి ఒక ఫ్రీ త్రో, తర్వాత వాళ్లకే బంతి.

బ్యాక్ కోర్ట్‌లో బంతి దక్కాల్సిన జట్టు టైమౌట్ తీసుకుంటే, ఆట ఎక్కడ మొదలవ్వాలో వాళ్ల కోచ్ ఎంచుకోవచ్చు: ఆగిన చోటా, ఫ్రంట్ కోర్ట్‌లోని త్రో-ఇన్ గీత దగ్గరా. మీరు సుద్దతో గీసిన గీత అదే. టైమౌట్ అయ్యాక అతన్నే అడగండి, జవాబును ఎదుటి కోచ్‌కూ టేబుల్‌కూ చెప్పండి.

రీప్లే ఉన్న మ్యాచ్‌లలో ఈ రెండు నిమిషాల్లో ఎవరి వల్ల ఔట్ అయిందో తెర మీద చూడవచ్చు. మన మైదానాల్లో ఆ తెర ఉండదు. తోటి రిఫరీ దగ్గరికి నడిచి వెళ్లి రెండు మాటలు మాట్లాడండి, తేలకపోతే బాణం.

ఇక ఆఖరి త్రో-ఇన్. గడియారంలో 0.3 లేదా ఎక్కువ ఉంటే ఆటగాడు బంతి పట్టుకుని షాట్ వేయడానికి వీలుంది. 0.2 గానీ 0.1 గానీ ఉంటే గాల్లోనే తట్టాలి, లేదా నేరుగా డంక్ చేయాలి. పట్టుకుని వేస్తే బుట్ట పడినా చెల్లదు. పదో వంతులు చూపని గడియారమైతే ఎంత మిగిలిందో టైమర్‌తో తేల్చుకుని, బంతి అందించకముందే ఇద్దరు కోచ్‌లనూ దగ్గరికి పిలిచి ఆ సంఖ్య చెప్పేయండి.